ఫ్లెక్సీలో పట్టని కొట్టు

చిన్నాయన పోయిన మూడో రోజు పొద్దున బస్టాండు సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. పదడుగుల ఎత్తు. యూనిఫాంలో దిగిన పాత ఫోటో, దాని వెనక మంచుకొండలు, పొగ, ఒక ఫిరంగి, రెపరెపలాడే జెండా. కింద లావుపాటి అక్షరాలు: 'కార్గిల్ వీరుడు, నిస్వార్థ సంఘసేవకుడు, మా మిలిటరీ సారుకు కన్నీటి నివాళి'. ఆ కింద ఇరవై మంది కుర్రాళ్ల మొహాలు, చల్లద్దాలతో సహా.

చిన్నాయన సైన్యం నుంచి వచ్చేసింది 1995లో. కార్గిల్ యుద్ధం జరిగింది 1999లో. ఆ ఎండాకాలం ఆయన మార్కాపురం వైపున్న మా చిన్న టౌనులో, రేకుల షెడ్డు కింద చెమటలు కక్కుతూ, కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేస్తున్నాడు. నాకు బాగా గుర్తు. సెలవులకు నేనూ ఆ షెడ్డులోనే ఉన్నాను.

ఫ్లెక్సీ వేయించిన కుర్రాణ్ణి పక్కకు పిలిచి అడిగాను. "మిలిటరీ అంటే కార్గిలే కదన్నా" అన్నాడు. కాదురా, ఆయన వెళ్లింది శ్రీలంకకి అన్నాను. నన్ను అనుమానంగా చూశాడు. "శ్రీలంకతో మనకు యుద్ధం ఎప్పుడు జరిగిందన్నా?" వాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో, వాడి తప్పేం లేదు. పైగా ఇంకో మాట కూడా చెప్పాడు: "ఫ్లెక్సీ షాపాయన దగ్గర ఈ బ్యాక్‌గ్రౌండే ఉందన్నా."

ఆ తప్పు నన్ను పెద్దగా బాధపెట్టలేదు. దినం అయ్యాక హైదరాబాద్ బస్సెక్కి కూచున్నప్పుడు వేరే సంగతి గుచ్చుకోవడం మొదలైంది. ఆయన సైన్యంలో చేసింది పదిహేడేళ్లు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్లు మోటార్ వైండింగ్ షాపు నడిపాడు. ఫ్లెక్సీలో ఆ ఇరవై ఏడేళ్లు లేవు. సంతాపసభలో మాట్లాడిన పెద్దమనుషుల నోటా రాలేదు. ఒకాయన మాత్రం "జీవనోపాధి కోసం చిన్న షాపు నడుపుకుంటూనే" అని, అదేదో ఆయనకున్న చిన్న లోపంలా, దాని మీంచి దాటిపోయాడు.

మనకు సైనికుడంటే గౌరవం, సంఘసేవకుడంటే గౌరవం. వ్యాపారి అనే మాట దగ్గరికొచ్చేసరికి నోరు తిరగదు. 'వాడు ఉత్త వ్యాపారస్తుడురా' అంటే మావైపు అది మెచ్చుకోలు కాదు. చచ్చిపోయినవాడికి మర్యాద చేయాలంటే ఆ మాట తీసేయాలి. నాకేమో, ఆయన చేశాడంటున్న సేవంతా ఆ కొట్టు లోపలి నుంచే వచ్చిందనిపిస్తుంది. ఇది ఎంతవరకు నిలబడే మాటో తేల్చుకుందామనే ఈ పోస్టు.

పదిహేడేళ్ల సంగతి

ముందు సైన్యం సంగతి. 1978లో, పంతొమ్మిదేళ్లప్పుడు చేరాడు. సైన్యంలో యంత్రాలు, బళ్లు బాగుచేసే విభాగం ఈఎంఈ. సికింద్రాబాద్‌లోని దాని సెంటర్లో ట్రైనింగ్, ఎలక్ట్రీషియన్ ట్రేడు. గిద్దలూరు, కంభం వైపు ఊళ్ల గురించి తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. వాన నమ్ముకునే మెట్ట నేల, చేతికి దొరికే ఉద్యోగం పటాలం.

అక్కడి ప్రభుత్వానికీ తమిళ టైగర్లకూ మధ్య యుద్ధం ఆపడానికని 1987 నుంచి 1990 దాకా మన సైన్యం శాంతిదళం పేరుతో శ్రీలంకలో ఉంది. దాదాపు 1,200 మంది అక్కడే పోయారు. మిగిలినవాళ్లు ఓడల్లో మద్రాసు రేవుకొస్తే, అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతం పలకడానికి వెళ్లలేదు. తమిళుల మీద తుపాకీ ఎత్తిన సైన్యానికి స్వాగతమేంటన్నది ఆయన పక్షం. ఇటు చూస్తే, వెళ్లిన జవాన్లకు తాము ఎవరి కోసం ఎవరితో కొట్లాడుతున్నారో సగం కాలం అర్థమే కాలేదు. ఆగస్టు 15కి స్కూల్లో మెడల్సు పెట్టుకుని కూచున్న చిన్నాయనను పిల్లలు పాకిస్తాన్ గురించే అడిగేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు, అదీ నేను అడక్కుండానే. జాఫ్నా దగ్గర ఒక ఊళ్లో కరెంటు లేదట. జనరేటరు పెట్టి మంచినీళ్ల మోటారు బాగుచేశారట. "ఆడోళ్లు బిందెలు తెచ్చుకున్నారు. నీళ్లు పట్టుకున్నారు. ఒక్కరు కూడా మా వంక చూళ్లేదురా" అన్నాడు. అంతే, మళ్లీ మోటారులో తీగ చుట్టే భాగం, ఆ స్టేటరు మీద వంగిపోయాడు.

ముప్పై ఆరేళ్లకు రిటైరయ్యాడు. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది గానీ జవానుకు పెన్షన్ రావడానికి పదిహేనేళ్ల సర్వీసు చాలు. చాలామంది నలభై లోపే ఇంటికొస్తారు. అలా ఏటా వచ్చేవాళ్లు దేశమంతా కలిపి అరవై వేలకు దగ్గరగా ఉంటారు. వాళ్లకు మనం చూపించే పని ఏమిటంటే బ్యాంకులో గన్‌మ్యాన్, లేకపోతే అపార్ట్‌మెంటు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ. చిన్నాయనకూ ఒక బ్యాంకులో గన్‌మ్యాన్ పోస్టు వచ్చేదే. మా తాత పట్టుబట్టాడు కూడా. "తుపాకీ పట్టుకుని తలుపుకాడ కూచోడానికా నేను పని నేర్చుకుంది" అని ఈయన వెళ్లలేదు. చేతికొచ్చిన డబ్బులో సగం పెట్టి బస్టాండు వెనక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. చేరేటప్పుడు మా నాయనమ్మ ఏడ్చిందంటారు, వచ్చేశాక కొట్టు పెడతానన్నప్పుడు మా తాత ఏడ్చినంత పని చేశాడు.

పాత రాగి

మోటార్ వైండింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. కాలిన మోటారులో పాత తీగ తీసేసి కొత్తది చుట్టడం. నా వాదనంతా దీని మీదే ఉంది.

పొలంలో మోటారు కాలిపోతే రైతు దాన్ని ట్రాక్టరు మీదో మోటారు సైకిల్ వెనకో వేసుకుని వస్తాడు. బోరు మోటారైతే నలుగురు మనుషులు పైపులు లాగి పైకి తీయడానికే ఒక పూట పోతుంది. పంట ఎండుతూ ఉంటుంది. అంటే కొట్టుకొచ్చేటప్పటికే మనిషి సగం చచ్చి ఉంటాడు. ఆ సమయంలో ఎంత చెప్పినా ఇస్తాడు.

చిన్నాయన ముందు మోటారు విప్పి వాసన చూసేవాడు. తీగ చుట్టల్లో, అంటే కాయిళ్లలో, కొన్ని గుంపులే నల్లబడి మిగతావి బాగుంటే ఒక ఫేజు పోయినట్టు. మొత్తం నల్లబడితే లో వోల్టేజీయో, ఓవర్‌లోడో. తర్వాత ఉలితో ఒక పక్క కాయిళ్లు నరికి, రెండో పక్క నుంచి లాగి, చుట్లు లెక్కపెట్టి, వైరు గేజీ, అంటే మందం, కొలిచి పుస్తకంలో రాసుకునేవాడు. కాయిళ్లు కూచునే స్లాట్లు శుభ్రం చేసి పేపర్ వేసి, చెక్క అచ్చు మీద కొత్త వైరు చుట్టి, ఒక్కో కాయిలూ స్లాట్లోకి దించి, వెదురు పుల్లలతో బిగించి, దారంతో కట్టి, టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. సెలవుల్లో నా పని చుట్లు పైకి లెక్కపెట్టడం. నలభై ఆరా, నలభై ఏడా అని తడబడితే మొత్తం విప్పించేవాడు.

ఒకసారి విసుగొచ్చి అడిగాను. "ఒక్క చుట్టు తగ్గితే ఏమవుద్ది చిన్నాయనా?"

"ఏం కాదు. వచ్చే వేసవికి కాలుద్ది. మళ్లీ మనకాడికే తెస్తాడు. సంతోషమేగా నీకు?"

ఈ పనిలో మోసానికి చాలా సందులున్నాయి. రాగి వైరు బదులు అల్యూమినియం కట్టొచ్చు. చుట్లు తగ్గించొచ్చు. ఒక గేజీ సన్నం వైరు వేయొచ్చు. మోటారు మూసి బోల్టులు బిగించాక రైతుకు ఏదీ కనపడదు. వీటన్నిటికంటే తేలికైనది పాత రాగి. కాలిన మోటారులోంచి తీసిన రాగి కిలోల్లో ఉంటుంది, కాలినా దానికి మంచి ధరే పలుకుతుంది. అది షాపువాడికే పోవడం ఆనవాయితీ. రైతు అడగడు. అది తనదేనని చాలామందికి తట్టదు కూడా.

చిన్నాయన కొట్టులో గుమ్మం పక్కనే తక్కెడ ఉండేది. తీసిన రాగిని రైతు ముందే తూచి, చీటీ మీద బరువు రాసి, ఆ రోజు పాత రాగి ధర వేసి, కూలిలోంచి తగ్గించేవాడు. రైతు లేకపోతే గోనెసంచిలో కట్టి, మోటారు నంబరు రాసి మూలన పెట్టేవాడు. తోటి షాపులవాళ్లకు ఇది అస్సలు నచ్చలేదు. ఇద్దరు వచ్చి, "మీకు పెన్షన్ ఉంది, మాకు లేదు" అని మొహం మీదే అన్నారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికొస్తాను.

ఆయన కూలి మాత్రం తగ్గించేవాడు కాదు. ఇది కూడా చెప్పాలి. పక్క షాపుల కంటే ఒక వంద ఎక్కువే. బేరమాడితే, "ఆ షాపు ఉందిగా, అక్కడికే తీసుకుపో" అని చేత్తో దారి చూపించేవాడు. ఎర్ర గుడ్డ అట్ట ఖాతా పుస్తకంలో అప్పు రాసేవాడు, మిరపకాయలు అమ్మాకో పత్తి అమ్మాకో ఇవ్వమనేవాడు. వడ్డీ లేదు. కానీ మాఫీ అనే మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. పంట పోయిందంటే వచ్చే పంటకి అని తారీఖు మార్చేవాడు గానీ అంకె కొట్టేసేవాడు కాదు.

సంతాపసభలో ఒక వక్త "ఎంతోమంది రైతుల అప్పులు మాఫీ చేసిన దయామయుడు" అన్నాడు. నా పక్కన కూచున్న ముసలాయన, చిన్నాయన దగ్గర నాలుగు మోటార్లు కట్టించుకున్న మనిషి, మెల్లిగా నా చెవిలో, "ఒక్క రూపాయి వదల్లేదు నాయనా" అన్నాడు. ఫిర్యాదులా అనలేదు. చెడ్డ పేరు ఎవరో అంటగడుతుంటే అడ్డుపడుతున్నట్టు అన్నాడు.

మనిషి ఎక్కడ దొరుకుతాడు

ఇక సేవ సంగతి. మూడు పనులు ఉండేవి.

మొదటిది రక్తం పుస్తకం. వాట్సాప్ లేని రోజుల్లో ఊళ్లో ఎవరిది ఏ గ్రూపో రాసిన నోటుబుక్కు కొట్టులో టెలిఫోను కింద ఉండేది. మోటారు తెచ్చిన ప్రతివాణ్ణీ పేరు, ఊరు, మోటారు హెచ్‌పీ అడిగాక బ్లడ్ గ్రూపు అడిగేవాడు. తెలియదంటే తిట్టేవాడు.

రెండోది పెన్షన్ కాగితాలు. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ నా లెక్కలో ఇదే పెద్దది. జవాను పెళ్లి చేసుకున్నా, బిడ్డ పుట్టినా యూనిట్‌కు తెలియజేసి, అది రికార్డుల్లో ఎక్కేలా పార్ట్ టూ ఆర్డరు వేయించుకోవాలి. అది లేకపోతే, లేదా అందులో భార్య పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే, అతను పోయాక ఫ్యామిలీ పెన్షన్ దగ్గర చిక్కొస్తుంది. మా చుట్టుపక్కల పల్లెల్లో అలాంటి ముసలమ్మలు చాలామంది. పేరు చివర 'అమ్మ' ఉందా లేదా అన్న తేడాకే నెలల తరబడి తిరిగినవాళ్లున్నారు. వాళ్లు పొద్దున బస్సుకు కొట్టుకొచ్చి బెంచీ మీద కూచునేవారు. చిన్నాయన నూనె చేతులు కడుక్కుని ఫారాలు నింపేవాడు. నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ల కోసం కొట్టు ముందు చెప్పుల వరస. 2003లో మాజీ సైనికుల ఆరోగ్య పథకం మొదలైనప్పుడు కార్డు దరఖాస్తులూ అక్కడే.

మూడోది సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్ల పరుగు. పొద్దున ఐదింటికి జూనియర్ కాలేజీ గ్రౌండులో ఉండేవాడు. 1,600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తితే పూర్తి మార్కులు, పుల్లప్స్ పది తీయాలి. ఫ్లెక్సీ కట్టింది వాళ్లే. ఎనిమిదింటికి షట్టరు తీసేవాడు, అప్పటికి కొందరు టీ తాగుతూ కొట్టు దగ్గరే ఉండేవాళ్లు.

ఈ మూడింట్లో రెండు చాలావరకు కొట్టు లోపలే జరిగాయి. మూడోదానికి కూడా అడ్డా ఆ కొట్టే. ఇది యాదృచ్ఛికం అనుకోను. పల్లె నుంచి బస్సు దిగిన ముసలమ్మకు, ఏ పూట వెళ్లినా మనిషి దొరుకుతాడన్న నమ్మకం కావాలి. సంఘం ఆఫీసులకు తాళాలుంటాయి. నాయకుడి ఇంటికెళితే "సారు బయటికెళ్లారు" అంటారు. కొట్టువాడు మాత్రం కూచునే ఉంటాడు, కూచోకపోతే వాడికి బువ్వ లేదు కాబట్టి. సేవ కోసమే కూచున్నవాడైతే ఆర్నెల్లకు లేచిపోయేవాడు.

ఇక్కడ నాకు అన్నా హజారే గుర్తొస్తాడు. మాజీ సైనికుడు సంఘసేవకుడైతే ఎలా ఉండాలన్న బొమ్మ మన బుర్రల్లో ఆయనదే. సైన్యంలో డ్రైవరు, 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ దగ్గర చావు తప్పించుకున్నాడు, 1975లో సొంతూరు రాలేగణ్ సిద్ధికి తిరిగొచ్చాడు. పెళ్లి లేదు, ఆస్తి లేదు, గుళ్లో నివాసం. కరువు ఊళ్లో వాన నీటిని ఒడిసిపట్టి పంటలు పండించిన పని గొప్పదే, అందులో వాదం లేదు. కానీ తాగుబోతుల్ని గుడి దగ్గర స్తంభానికి కట్టి కొట్టించిన మనిషి కూడా ఆయనే. ఆ సంగతి ఆయనే దాచుకోకుండా చెప్పాడు.

చిన్నాయనకూ చెయ్యి దురుసు. ఒకసారి తాగిన వాసనతో గ్రౌండుకొచ్చిన కుర్రాణ్ణి చెంప మీద ఒకటిచ్చాడు. ఆ సాయంత్రం వాడి నాన్న కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన పదిహేనేళ్ల ఖాతాదారు. ఏం గొడవ జరుగుద్దోనని నేను, షెడ్డులో పనిచేసే పిల్లాడు బిక్కచచ్చి చూస్తున్నాం. వాడి నాన్న ఏమీ అనలేదు. "నా మోటారు ఇచ్చెయ్, వేరే షాపులో కట్టించుకుంటా" అన్నాడు. అప్పటికే కాయిళ్లు సగం దించి ఉన్నాయి. చిన్నాయన కాసేపు స్టేటరు వంక చూసి, లేచి, "తప్పే అన్నా, చెయ్యి జారింది" అన్నాడు. ఆ మనిషి అంతటితో మెత్తబడలేదు. మోటారు తీసుకునే పోయాడు, రెండేళ్లు ఇటు తొంగి చూళ్లేదు. చిన్నాయన మళ్లీ ఎవరి మీదా చెయ్యి చేసుకోగా నేను వినలేదు.

ఎవరితోనూ అవసరం లేని సేవకుడికి ఎదురు చెప్పేవాడు ఉండడు. జనం ఆయనకు దణ్ణం పెడతారు, లేదా తప్పుకుపోతారు. కొట్టువాడికి మాత్రం ఎదుటివాడు మోటారు తీసుకుని వెళ్లిపోగలడు. ఆ భయం మనిషిని కొంచెం మనిషిగా ఉంచుతుంది. వ్యాపారంలో మనకు తక్కువగా కనిపించేది, అంటే ఎదుటివాడి మీద ఆధారపడటం, నాకు మంచి గుణంగా కనిపిస్తోంది.

కెప్టెన్ గోపీనాథ్‌ను ఇదే వరసలో చెప్పొచ్చు. 1971 యుద్ధంలో పాల్గొని, కుర్ర వయసులోనే సైన్యం వదిలి, హాసన్ జిల్లాలో సేద్యం చేసి, తర్వాత రకరకాల వ్యాపారాలు పెట్టి, 2003లో ఎయిర్ డెక్కన్ విమానాలు నడిపాడు. ఆయన్ను మాత్రం వ్యాపారి అనడానికి ఎవరూ మొహమాటపడరు. విమానాల వ్యాపారమైతే 'పారిశ్రామికవేత్త'. రేకుల షెడ్డుకు ఆ మాట లేదు.

నా మాట ఎక్కడ తేలిపోతుందంటే

ఇప్పుడు ఆ తోటి షాపులవాళ్ల మాట. "మీకు పెన్షన్ ఉంది, మాకు లేదు."

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. పాత రాగి తిరిగివ్వగలిగాడంటే, వడ్డీ లేకుండా పంట దాకా ఆగగలిగాడంటే, ఒకటో తారీఖు ఇంట్లోకి జీతంలాగా డబ్బొచ్చేది కాబట్టే. బియ్యం, కరెంటు బిల్లు దానితో గడిచిపోయేవి. ఆస్పత్రికి కార్డుంది. సబ్బులు, నూనె మిలిటరీ క్యాంటీన్‌లో చవక. పక్క షాపాయనకు వీటిలో ఒక్కటీ లేదు, ఇద్దరు ఆడపిల్లలు మాత్రం ఉన్నారు. ఆయన పాత రాగి ఉంచుకున్నాడని నేను ఏ మొహంతో వేలు చూపించగలను? 2015లో ఒకే ర్యాంకుకు ఒకే పెన్షన్ కోసం మాజీ సైనికులు ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర కూచున్నప్పుడు మా ఊరి నుంచి ఇద్దరు వెళ్లారు. మోటార్ల సీజనని చిన్నాయన వెళ్లలేదు. పెంపు మాత్రం ఆయనకూ వచ్చింది.

ఇది చిన్నాయనకూ తెలుసు. 2022 జూన్‌లో సైన్యంలోకి నాలుగేళ్లకే తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు కదా. కోవిడ్ రెండేళ్లు సైన్యం భర్తీ ర్యాలీలు సరిగా జరగలేదు, ఫిజికల్ పాసై రాతపరీక్ష కోసం చూస్తున్న పిల్లలు ఆయన దగ్గర ముగ్గురున్నారు. అదంతా రద్దన్నారు. 17వ తారీఖున సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడుతుంటే, ఆ తల్లిదండ్రులంతా కొట్టు ముందుకొచ్చారు, మా వాడెక్కడున్నాడో కనుక్కోమని. ఆయన రక్తం పుస్తకంలోంచే నంబర్లు తీసి వరసగా ఫోన్లు చేశాడు. అందరూ ఇళ్లల్లోనో బంధువుల దగ్గరో ఉన్నారని తేలేసరికి రాత్రి పదయింది.

నాలుగేళ్లు పనిచేశాక నూటికి పాతికమందినే ఉంచుకుంటారు. మిగతావాళ్లకు సేవానిధి కింద పదకొండు లక్షల పైచిలుకు ఇచ్చి పంపిస్తారు, పెన్షన్ లేదు. ఆ డబ్బుతో షాపు పెట్టుకోవచ్చుగా అని టీవీలో ఎవరో అన్నారు. చిన్నాయన టీవీ వైపు తిరిగి, "పెట్టొచ్చు. ఎన్ని నెలలు జనానికి అప్పిచ్చి ఆగగలడు?" అన్నాడు. అదే ఏడాది చివర్లో మోకాళ్లు సహకరించక షట్టరు దించేశాడు. 2023 జనవరిలో ట్రైనింగ్ మొదలైన మొదటి బ్యాచీకి 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. అందులో మా గ్రౌండు పిల్లలు ఇద్దరున్నారు. మంచితనానికి కొంత పెట్టుబడి కావాలి, చిన్నాయనకు అది ప్రభుత్వం పెట్టింది.

ఇంకో చిక్కు రమ్ము సీసాలది. క్యాంటీన్ కోటాలో వచ్చే సీసాలు ఆయన తాగడు. అవి ఎక్కడికి పోయేవో నాకు తెలుసు. ఎండాకాలం ఏదైనా పల్లెలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే, మార్చడానికి రోజులు పడుతుంటే, ఆ ఊరి పేరుతో ఒక సీసా ఎక్కడికి చేరాలో అక్కడికి చేరేది. మర్నాడు ట్రాన్స్‌ఫార్మరు కదిలేది. ఇది సేవా, లంచమా? లంచమే. మా నాన్న పొలం ఆ ట్రాన్స్‌ఫార్మరు కిందే ఉన్న ఏడాది నేను ఈ ప్రశ్న అడగలేదు. రెండు రోజులు ఆలస్యమైతే కరెంటు వచ్చాక లో వోల్టేజీలో మోటార్లన్నీ ఒకేసారి ఆన్ చేసి మరో నాలుగు కాల్చుకునేవాళ్లు. అవన్నీ ఆయన కొట్టుకే వచ్చేవి. అంటే సీసా ఇచ్చి తన గిరాకీ తానే తగ్గించుకున్నాడు. వోల్టేజీ పడిపోకుండా కాసే కెపాసిటర్లు పెట్టుకోండని, కరెంటు రాగానే మోటారును తామే ఆన్ చేసే ఆటో స్టార్టర్లు పీకేయండని రైతుల వెంట పడటం కూడా అలాంటిదే. 2004 మేలో ఉచిత కరెంటు వచ్చాక బోర్లు పెరిగి, లోడు పెరిగి, కాలే మోటార్లు పెరిగిన ఏళ్లలో కూడా ఇదే పాట పాడాడు. అయినా లంచం లంచమే. నాకు దీన్ని ఎటూ సర్దడం చేతకాలేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు చిన్నమ్మ. పదకొండో రోజు అందరూ పోయాక, వంటింటి గుమ్మంలో కూచుని ఆమె అన్నది: "గ్రౌండుకు పోయింది ఆయన, ఫారాలు రాసింది ఆయన. అప్పుడు కొట్టులో ఎవరు కూచున్నారనుకున్నావ్ నాయనా?" నిజమే. ఐదింటికి ఆయన గ్రౌండులో ఉంటే షెడ్డు ఊడ్చింది ఆమె. ఆయన ఎవరి కాగితాలకో ఒంగోలు బస్సెక్కితే మోటార్లు దించుకుని చీటీలు రాసింది ఆమె. ఏడో తరగతి చదువుతో వైరు గేజీలు నోటికి చెప్పగలదు. బాకీల కోసం పల్లెలు తిరిగి తిట్లు తిన్నదీ ఆమే, ఎందుకంటే మిలిటరీ ఆయన మొహమాటం మనిషి అని ఊరి నమ్మకం. కొట్టును ఫ్లెక్సీలోంచి తీసేస్తే ఆయనతోపాటు ఆమె కూడా పోయింది. ఇంత వాదించిన నాకు, ఆమె అనేదాకా అది తట్టలేదు.

ఖాతా పుస్తకం

నెల మాసికానికి మళ్లీ వెళ్లాను. తమ్ముడు బెంగళూరు నుంచి రాలేకపోయాడు. చిన్నమ్మ ఎర్ర అట్ట పుస్తకాలు మూడు ముందేసుకుని, కళ్లజోడు సరిచేసుకుంటూ, చదివిపెట్టమంది. షట్టరు దించాక కూడా ఆ పుస్తకాలు మూతపడలేదని అప్పుడే తెలిసింది. ఊరి పేరు, ఇంటి పేరు, హెచ్‌పీ, తారీఖు, కూలి, పాత రాగి బరువు, బాకీ. నేను చదువుతుంటే ఆమె ఇచ్చేవాళ్లకు ఒక టిక్కు, చచ్చిపోయినవాళ్లకు ఒక చుక్క పెట్టించింది. చుక్కలు చాలానే పడ్డాయి.

రెండో పుస్తకంలో, 2009 జూలై దగ్గర మా ఊరి పేరు, మా ఇంటి పేరు వచ్చాయి. ఐదు హెచ్‌పీ. పాత రాగి తూచి తగ్గించగా బాకీ 2,350. మా నాన్న ఆయనకు సొంత అన్న. అన్న అని ఎక్కడా రాయలేదు, వరసలో మిగతావాళ్లలాగే ఉంది. మా నాన్న పోయి ఆరేళ్లు. ఆయన కూడా ఎప్పుడూ ఈ మాట ఎత్తలేదు.

నేను ఆగాను. చిన్నమ్మ పుస్తకంలోకి చూడలేదు, అయినా ఏ పేజీలో ఉన్నామో ఆమెకు తెలిసినట్టే ఉంది. జేబులోంచి తీసి ఇచ్చాను. వద్దంటుందేమోనని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. ఆమె తీసుకుంది. రెండుసార్లు లెక్కపెట్టింది. మూడు ఐదొందలు, ఎనిమిది వందలు, ఒక యాభై. కొంగు ముడిలో వేసుకుని, పెన్ను అడిగి తీసుకుని, ఆ వరస మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత కొట్టింది.

"తర్వాత ఎవరు?" అంది.